కర్టెన్ల పందిరి

గోడ మీది రాతలు మొదట చూసింది ఎస్తెల్ వర్మ్‌సర్. యూదుల పెద్ద ఉపవాసం ముగిసింది, పర్ణశాలల పండుగ ఇంకా రాలేదు. ఆ మధ్య రోజుల్లో ఒకనాడు, ప్రార్థన మందిరం కిటికీలు తెరిచి కాస్త గాలి ఆడనిద్దామని, కొట్టు తెరవకముందే బయలుదేరింది. హోల్స్‌బ్రన్ ఊళ్ళో ఆవిడది కర్టెన్ల కొట్టు. తాత గుడ్డలు అమ్మాడు, తండ్రి గుడ్డలు అమ్మాడు, ఆవిడా అదే చేస్తోంది. మందిరం తాళంచెవులు ఉన్నది ఇద్దరి దగ్గరే. ఒకటి సంఘం పెద్ద సిల్వేన్ గుగెన్‌హైమ్ దగ్గర, రెండోది ఆవిడ దగ్గర. ఆయనకు ఎనభై ఏళ్ళు దాటాయి, మోకాళ్ళు మొరాయిస్తాయి. అందుకని తలుపులు తీసే పని ఎప్పుడో ఆవిడ మీద పడింది.

సంత చౌకు మలుపు తిరగ్గానే కాళ్ళు ఆగిపోయాయి. గులాబి రంగు ఇసుకరాతి గోడ మీద మనిషి ఎత్తున నల్లటి అక్షరాలు. యూదుల్ని పొమ్మని రాశారు. పక్కన రెండు నాజీ గుర్తులు, తలుపు మీద ఇంకొకటి. సందులోంచి వెనక పెరట్లోకి వెళితే గేటు ఊడి పడి ఉంది. కొట్టంలో దాచిన పందిరి గుంజలు ముక్కలు ముక్కలుగా నేలంతా పడి ఉన్నాయి. ఏటా పండుగకు ఆ పెరట్లోనే, నాలుగు గోడల మధ్య, ఎవరి కంటా పడకుండా పందిరి వేసుకునేవాళ్ళు.

ఎస్తెల్‌కు ముందు వచ్చింది కోపం కాదు, సిగ్గు. ఒంటి మీద బట్ట ఎవరో నడివీధిలో లాగేసినట్టనిపించింది. ఎవరైనా చూశారా అని వెనక్కి తిరిగింది. చౌకు అవతల రొట్టెల కొట్టు ముందు నిలబడ్డ వాళ్ళందరూ చూస్తూనే ఉన్నారు. కాసేపటికి రొట్టెల కొట్టు ఒడీల్ బకెట్టు నీళ్ళూ, గరుకు బ్రష్షూ పట్టుకొచ్చి ఏమీ అడక్కుండా గోడ రుద్దడం మొదలుపెట్టింది. రుద్దేకొద్దీ నలుపు పక్కలకు పాకింది తప్ప పోలేదు. ఈలోగా పోలీసులు వచ్చి, ఏదీ ముట్టుకోవద్దని ఇద్దర్నీ పక్కకు నిలబెట్టారు.

సిల్వేన్ చేతికర్ర తాటించుకుంటూ వచ్చాడు. టోపీ వెనక్కి తోసుకుని రాతంతా చదివాడు.

“అక్షరదోషం ఉంది,” అన్నాడు.

ఒక పోలీసు కుర్రవాడు నవ్వు ఆపుకోలేకపోయాడు. ఎస్తెల్ కూడా నవ్వబోయింది. కానీ ఆయన చేతికర్ర నిలబడ్డ చోటే రాళ్ళ మీద టకటకమంటోంది. ఆయన్ని మెట్టు మీద కూర్చోబెట్టింది.

పాత కట్టడాల శాఖ నుంచి ఫోనులో ఒకాయన చెప్పింది ఇంకో పిడుగు. అది మెత్తటి రాయి. యాసిడ్లూ గీసిడ్లూ వాడితే రాయే రాలిపోతుందట. నిపుణుడు రావాలి, ఆయన వచ్చేది పండుగ దాటాకే. అంతవరకూ ఆ రాతలు అలాగే ఉంటాయి.

సాయంత్రం ఎస్తెల్ కొట్లో, గుడ్డల చుట్టల మధ్య, సంఘం కూడింది. సంఘమంటే ఎంతమంది. ఒకప్పుడు పశువుల బేరగాళ్ళూ, తోలు వర్తకులూ, వాళ్ళ పిల్లలూ కలిసి మందిరం పట్టేది కాదు. ఇప్పుడు మగవాళ్ళు ఆరుగురు. ధర్మశాస్త్రం రాసిన తోరా చుట్ట తెరిచి చదవాలంటే పదమూడు దాటిన మగవాళ్ళు పదిమంది కావాలి. కనుక చాలా ఏళ్ళుగా చుట్ట బీరువాలోనే ఉంది. మిగిలిన ప్రార్థనలు ఎవరికి వాళ్ళు గొణుక్కుంటారు. మతగురువు రబ్బీ స్ట్రాస్‌బుర్గ్ నుంచి ఎప్పుడైనా ఎవరైనా పోతేనే వస్తాడు.

సిల్వేన్ అప్పటికే నిర్ణయం చేసేసుకుని వచ్చాడు. ఈ ఏడు పందిరి లేదన్నాడు. ఎవరింట్లో వాళ్ళు పండుగ చేసుకోవాలి, తలుపులు వేసుకోవాలి, పేపరు వాళ్ళు వస్తే మాట్లాడకూడదు. గోడకు టార్పాలిన్ కప్పేస్తే సరి. కొందరు తలూపారు. ఎస్తెల్ ఊపలేదు. గుంజలు విరిగితే కొత్తవి తెద్దాం, పెరట్లో కాకపోతే ముందు చౌకులోనే వేద్దాం, ఎలాగూ ఊరంతా చూసేసింది కదా అంది.

సిల్వేన్ కుర్చీ ఆవిడ దగ్గరికి జరుపుకున్నాడు. గొంతు తగ్గించాడు.

“ఎస్తెల్, యుద్ధంలో, నాకు నాలుగేళ్ళప్పుడు, దేశం దక్షిణాన ఒక రైతు మమ్మల్ని తన ధాన్యపు గదిలో దాచాడు. ఒక చలికాలమంతా దగ్గొద్దు అన్నారు. నేను దగ్గలేదు. పక్కింట్లో దాక్కున్న పిల్లాడికి కోరింత దగ్గు వచ్చింది, అది వీధిలోకి వినబడింది. తలుపు మూసుంటే బతికాం తల్లీ, ఇంకేం కాదు.”

“పందిరికి తలుపే ఉండదు కదా బాబాయ్.”

“అందుకే వద్దంటున్నా.”

ఆయన ఎస్తెల్‌కు వరసకు ఏమీ కాడు. ఆవిడ తండ్రితో కలిసి సంతలు తిరిగిన మనిషి. చిన్నప్పటినుంచీ బాబాయ్ అనే పిలుస్తుంది. ఆయన మాట మీద మాట అనడం ఆవిడకు చేతకాలేదు. అందరూ వెళ్ళిపోయాక గుడ్డల చుట్టలు సర్దుతూ ఉంటే, ఓడిపోయినందుకు కాదు గానీ, ఆ దగ్గని పిల్లవాణ్ణి తలుచుకుని ఏడుపొచ్చింది.

మర్నాడు కొట్లోకి మందుల షాపు బెర్ట్రాండ్ ఉల్మాన్ వచ్చాడు. యాభై దాటిన మనిషి, పొడుగరి, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా. కర్టెన్లు కావాలన్నాడు. ఏ గదికి అని అడిగితే వంటింటికి అన్నాడు, కాదు పడగ్గదికి అన్నాడు. కిటికీ కొలత అడిగితే తెలియదన్నాడు. ఎస్తెల్ నాలుగు రకాలు పరిచింది. అతను వాటిని చూడకుండా వేళ్ళతో నలుపుతూ నిలబడ్డాడు.

“మేడమ్, ఒక సంగతి చెప్పాలి. ఎవరికీ తెలియదు. నేను కూడా... మా అమ్మానాన్నలు ఇద్దరూ యూదులే.”

ఎస్తెల్ చేతిలోని గుడ్డ కింద పెట్టింది.

“బెర్ట్రాండ్ గారూ, మీ ఇంటిపేరు ఉల్మాన్. మీ తాతగారి సమాధి మా తాతగారి సమాధి పక్కన ఉంది. ఊళ్ళో ఈ సంగతి తెలియనివాళ్ళు ఎవరైనా ఉంటే అది మీరొక్కరే.”

అతను ఎర్రబడ్డాడు, తర్వాత నవ్వాడు, నవ్వుతూనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తండ్రి తన చిన్నప్పుడే పోయాడు. తల్లి ఆ తర్వాత మందిరం వైపు వెళ్ళలేదు, కొడుకునీ పంపలేదు. ఇంట్లో ఆ మాటే ఎత్తేది కాదు. నిన్న పొద్దున షాపు షట్టరు ఎత్తుతూ గోడ మీది రాత చూశాడట. దాటుకుని లోపలికి వెళ్ళి మందులు సర్దుకున్నాడట. మధ్యాహ్నానికి గానీ తట్టలేదట, ఆ రాత తనకు కూడా రాసిందేనని. రాత్రి భార్యకు చెబితే, మరి నువ్వెందుకు ఇంట్లో కూర్చున్నావని ఆవిడే తిట్టిందట.

“నాకు ప్రార్థనలు రావు. ఒక్క అక్షరం రాదు. గుంజలు మాత్రం మోయగలను.”

“గుంజలే లేవు,” అంది ఎస్తెల్. “పందిరీ లేదు.”

అయినా అతను వెళ్ళలేదు. పడగ్గదికి కర్టెన్లు కొనుక్కునే వెళ్ళాడు.

ఆ గుంజల సంగతి తేల్చింది ఓర్హాన్. అతనిది పక్క వీధి. అతని తండ్రి టర్కీ నుంచి ఫ్యాక్టరీ పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ఓర్హాన్ ఇళ్ళ కప్పులు వేస్తాడు. చౌకు మూలన బడి కప్పు మరమ్మతు నడుస్తోంది. తన మేస్త్రీ దగ్గర పనివాళ్ళు ఎక్కి నిలబడే సారువ కట్టే ఇనప గొట్టాలు మిగిలి ఉన్నాయని, పండుగ అయ్యేదాకా వాడుకోమన్నాడని, ఎవరూ అడక్కుండానే వచ్చి చెప్పాడు. రెండేళ్ళ కిందట వాళ్ళ మసీదు గుమ్మంలో ఎవరో పంది తలకాయ పెట్టి పోయారు. అప్పుడు సిల్వేన్ ఒక్కడే నడిచి వెళ్ళి మసీదు పెద్దకు చెయ్యి కలిపి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా తిరిగి వచ్చాడు. ఓర్హాన్ అది మర్చిపోలేదు.

సిల్వేన్ కాదనలేకపోయాడు. సరే, పెరట్లోనే వెయ్యండి అన్నాడు. అప్పుడొచ్చింది తంటా. గొట్టాలు సందు మలుపు తిరగవని ఓర్హాన్ అన్నాడు. సిల్వేన్ నమ్మలేదు. ఎస్తెల్ వైపు అనుమానంగా చూశాడు.

“మీరిద్దరూ కూడబలుక్కున్నారు.”

“ఒట్టు బాబాయ్, నాకేం తెలియదు.”

ఆయన ఇంటికి వెళ్ళి టేపు తెచ్చుకుని సందు కొలిచాడు. గొట్టం కొలిచాడు. గొట్టం ఒక చివర తను, ఒక చివర బెర్ట్రాండ్ పట్టుకుని వంచీ నిలబెట్టీ చూశారు. మలుపు దగ్గర గొట్టం గోడకు తగులుకుని ఆగిపోయింది. బెర్ట్రాండ్ ఇస్త్రీ చొక్కా మోచేతి దగ్గర చిరిగింది.

“కొయ్యి,” అన్నాడు సిల్వేన్.

“నావి కావు పెద్దాయనా. కోస్తే మా మేస్త్రీ నన్ను కోస్తాడు.”

సిల్వేన్ సందు మొగలో నిలబడి చౌకు వైపు చూశాడు. రొట్టెల కొట్టు, మందుల షాపు, బడి, అటూ ఇటూ పోయే జనం. ఆయన మొహంలో ఒక్కసారిగా భయం కనిపించి ఎస్తెల్ ఇక చాలు, వదిలేద్దాం అనబోయింది. ఆయనే ముందు మాట్లాడాడు. వేసుకోండి, నేను మాత్రం రాను అన్నాడు. చేతికర్ర తాటించుకుంటూ వెళ్ళిపోయాడు.

వేశారు. మందిరం గోడకు అడ్డంగా, రాతలు కనబడకుండా, గొట్టాలు నిలబెట్టి బిగించారు. గోడలకు కర్టెన్ గుడ్డలు ఎస్తెల్ ఇచ్చింది. అమ్ముడుపోని పూల గుడ్డ ఒకవైపు, పచ్చ చారల గుడ్డ ఇంకోవైపు, ఒక హోటలు వాళ్ళు చెప్పి తీసుకోని నీలం మఖమలు మూడోవైపు. చూడటానికి బొంతలా ఉంది. పై కప్పుకు ఆకులూ కొమ్మలూ కోసుకు రావడానికి బెర్ట్రాండ్ భార్య కారు తీసింది.

కొమ్మలు పైన పరచబోతుంటే వెనకనుంచి గొంతు వినబడింది.

“ఇనుము మీద కొమ్మలు పెడతారా ఎవరైనా?”

సిల్వేన్. చౌకు అవతల రొట్టెల కొట్టు బల్ల మీద కూర్చుని పొద్దుటినుంచీ చూస్తున్నాడట. కోపంతో చెవులు ఎర్రగా ఉన్నాయి. కొమ్మలు ఇనుము మీద ఆనకూడదు, ముందు చెక్క బద్దలు వేసి వాటి మీద పరచాలి, ఇంతమందిలో ఒక్కరికీ గుర్తులేదా అన్నాడు. గుడ్డ గాలికి ఎగురుతోంది, ఎగిరే గుడ్డ గోడ కిందికి రాదు, కింద కూడా కట్టాలి అన్నాడు. కప్పు మరీ దట్టం చెయ్యకండి, చుక్కలు కనపడాలి అన్నాడు. చెబుతూ చెబుతూ పందిరి లోపలికి వచ్చేశాడు. బద్దలు ఓర్హాన్ తెచ్చాడు. వాటిని ఎంతెంత దూరంలో పెట్టాలో సిల్వేన్ చేతికర్రతో చూపించాడు. చీకటి పడేలోగా పని అయిపోయింది. ఆయన ఇంటికి వెళ్ళి కోటు మార్చుకుని తిరిగి వచ్చాడు. రానన్న మాట ఎవరూ గుర్తు చేయలేదు.

పండుగ మొదటి సాయంత్రం బల్లలు సరిపోలేదు. వస్తారనుకున్నవాళ్ళు కాక, ఎన్నడూ చూడనివాళ్ళు వచ్చారు. కింది ఊరి ఆసుపత్రిలో డాక్టరు ఒకాయన, మొరాకో నుంచి వచ్చిన కుటుంబం, పేరు బెన్‌సుసాన్, ఇద్దరు కొడుకులతో వచ్చాడు. ఇక్కడ మందిరం ఉందని పేపర్లో చూసేదాకా తెలియదన్నాడు. ద్రాక్షతోటల్లో ఉండే ఒక ముసలి బ్రహ్మచారి, తల్లి పోయినప్పటినుంచీ మందిరానికి రానివాడు, అతనూ వచ్చాడు. ఒడీల్ బుట్టెడు ఊదా ప్లమ్ పళ్ళు తెచ్చింది. తన పొయ్యిలో కాల్చినవి మత నియమం ప్రకారం వీళ్ళు తినరని ఆవిడకు తెలుసు, అందుకని పచ్చిపళ్ళే తెచ్చింది. మేయరమ్మ పదవి గుర్తుగా భుజానికి మూడు రంగుల పట్టీ వేసుకుని రెండు మాటలు చెబుతానంది. ఉపన్యాసం రేపు పెట్టుకుందామమ్మా, ఇవాళ సూప్ ఉంది అన్నాడు సిల్వేన్. ఆవిడ నొచ్చుకోకుండా పట్టీ తీసి పక్కన పెట్టి గిన్నె అందుకుంది. నాలుగు చినుకులు పడ్డాయి, ఆకుల్లోంచి సూప్‌లో పడ్డాయి. వానొస్తే లోపలికి వెళ్ళొచ్చని నియమం ఉందని సిల్వేన్ చెప్పాడు. ఎవరూ లేవలేదు.

అప్పుడే చౌకు చివర ఒక కారు నెమ్మదించింది. అద్దం దింపి ఎవడో అరిచాడు. అరిచిన మాట గోడ మీది మాటే. హారన్ గట్టిగా మోగించారు.

పందిట్లో చెంచాల చప్పుడు ఆగిపోయింది. డాక్టరు చిన్న కొడుకు తండ్రి చొక్కా పట్టుకున్నాడు. బెర్ట్రాండ్ లేచి నిలబడ్డాడు, నిలబడి ఏం చెయ్యాలో తెలియక అలాగే ఉండిపోయాడు. బయట కాపలా ఉన్న పోలీసులు కారు నంబరు కోసం పరుగెత్తారు. ఎస్తెల్ సిల్వేన్ వైపు చూసింది. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. రెండు చేతులూ బల్ల అంచును పట్టుకున్నాయి. ఈ పందిరి వేయించి ముసలాయన్ని చంపుతున్నానా అనిపించింది ఆవిడకు.

ఆయన కళ్ళు తెరిచాడు. గొంతు సవరించుకోబోతే దగ్గు తెర వచ్చింది. అడ్డం పెట్టుకోకుండా, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా, చౌకంతా వినబడేలా దగ్గాడు. నీళ్ళు తాగాడు.

“కూర్చో బెర్ట్రాండ్,” అన్నాడు. “సూప్ చల్లారుతోంది. గుగెన్‌హైమ్ ఇంటి సూప్ చల్లారితే జిగురు.”

మొదట నవ్వింది ఒడీల్. తర్వాత చెంచాలు కదిలాయి. ద్రాక్షతోటల ముసలాయన పాట ఎత్తుకున్నాడు. తల్లి పాడేదట, సగం మర్చిపోయాడు. మర్చిపోయిన చోట డాక్టరు తన ఊరి బాణీలో అందుకున్నాడు. రెండు బాణీలూ కలవలేదు. ఎవరి బాణీ వాళ్ళు పాడుకుంటూనే పాట చివరిదాకా వెళ్ళారు.

పండుగ మధ్యలో వచ్చిన శనివారం పొద్దున మందిరంలో సిల్వేన్ మనుషుల్ని లెక్కపెట్టాడు. ఆరుగురూ ఉన్నారు. మంచం మీదున్న ఎడ్గార్‌ను కూడా కుర్చీలో తెచ్చారు. డాక్టరూ, పదమూడు దాటిన పెద్ద కొడుకూ, తోటల ముసలాయనా. తొమ్మిది. ఎస్తెల్ పైన ఆడవాళ్ళ కోసం ఉన్న వసారాలో కూర్చుని గుమ్మం చూస్తోంది. తను లెక్కలోకి రానందుకు ఆవిడకు ఎప్పుడూ ఒళ్ళు మంటే. బెర్ట్రాండ్ రాలేదు. శనివారం మందుల షాపుకు గిరాకీ ఎక్కువ. సిల్వేన్ పుస్తకం తెరిచాడు, మూశాడు. కిటికీలోంచి చూస్తే చౌకులో మందుల షాపు ఆకుపచ్చ శిలువ దీపం ఆరిపోయింది. షట్టరు కిందికి దిగింది. బెర్ట్రాండ్ తెల్లకోటు విప్పుతూ చౌకు దాటి వస్తున్నాడు.

బీరువా తెరిచి తోరా చుట్టను బయటకు తీసినప్పుడు లోపల పాత తోలు వాసన మందిరమంతా పరుచుకుంది. సిల్వేన్ దాన్ని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు. పక్కన డాక్టరు ఆయన మోచెయ్యి పట్టుకుని నడిపించాడు. చదవడం డాక్టరే చేశాడు. నడుమ నడుమ ఒక్కొక్కరినీ దీవెన చెప్పడానికి పైకి పిలవాలి. మనిషి పేరూ, తండ్రి పేరూ పెట్టి హీబ్రూలో పిలుస్తారు. బెర్ట్రాండ్ వంతు వచ్చింది. అతను అక్కణ్ణుంచే తల అడ్డంగా ఊపాడు. తనకు ఆ పేరు లేదన్నాడు. ఉంటే అమ్మకు తెలిసి ఉండాలి, అమ్మ లేదు, తండ్రి హీబ్రూ పేరు అసలే తెలియదన్నాడు. ఇంకొకర్ని పిలవమన్నాడు.

సిల్వేన్ చేతికర్ర పక్కన పెట్టాడు.

“నీకు ఎనిమిది రోజులప్పుడు, సున్తీ చేసి పేరు పెట్టేటప్పుడు, నిన్ను ఒళ్ళో పడుకోబెట్టుకున్నది నేను. ఇదిగో ఈ కుర్చీలోనే. ఊరు అదిరేలా ఏడ్చావు. మీ నాన్న నీ కంటే ఎక్కువ ఏడ్చాడు. నీకు పేరు లేకపోవడమేమిటి?”

తర్వాత బల్ల వైపు తిరిగి, గోడలు పలికేలా పిలిచాడు.

“మెనహేము కుమారుడు బారూకు.”

బెర్ట్రాండ్ కదల్లేదు. తన పేరు తనకు చేరడానికి కాసేపు పట్టింది. తర్వాత నాలుగు అడుగులు వేసి వచ్చి బల్ల దగ్గర నిలబడ్డాడు. దీవెన మాటలు సిల్వేన్ ఒక్కొక్కటే చెవిలో చెప్పాడు, అతను ఒక్కొక్కటే తప్పుగా అన్నాడు. పైన ఎస్తెల్ చేతిరుమాలు వెతుక్కుంటే దొరకలేదు. జేబులో ఉన్న కర్టెన్ గుడ్డ నమూనా ముక్కతో కళ్ళు తుడుచుకుంది.

తర్వాత జరిగినవన్నీ అంత బాగా జరగలేదు. నిపుణుడు వచ్చి రోజుల తరబడి పనిచేసి నలుపు తీశాడు. కానీ అక్షరాలున్న చోట రాయి పాలిపోయింది, ఎండ పడితే కనిపిస్తుంది. కారులోవాళ్ళ నంబరుతో పోలీసులు ఇద్దరు యువకుల్ని పట్టుకున్నారు. గోడ కూడా వాళ్ళ పనే. కోర్టులో ఒకడు తల దించుకున్నాడు, ఒకడు దించుకోలేదు. ఎస్తెల్ వెళ్ళి రెండు మొహాలూ చూసి వచ్చింది. తోటల ముసలాయన మళ్ళీ రాలేదు. ఎడ్గార్ చలికాలంలో పోయాడు, ఆయన కోసం చేసిన ప్రార్థనకు పదిమంది ఉన్నారు. నెలకొక శనివారం చుట్ట తెరుస్తున్నారు. డాక్టరు ఇంకో కుటుంబాన్ని వెంటబెట్టుకొస్తున్నాడు. ఒక్కోసారి పదిమంది అవుతారు, ఒక్కోసారి గుమ్మం చూస్తూ కూర్చుంటారు.

మంగళవారాలు షాపులు మూశాక ఎస్తెల్ కొట్టు వెనక గదిలో సిల్వేన్ బెర్ట్రాండ్‌కు అక్షరాలు నేర్పుతాడు. ఓపిక ఇద్దరికీ లేదు. ముందు గదిలో కర్టెన్లు కొలుస్తున్న ఎస్తెల్‌కు అంతా వినబడుతూ ఉంటుంది.

“ఈ రెండూ ఒకేలా ఉన్నాయి గుగెన్‌హైమ్ గారూ.”

“ఎక్కడ ఒకేలా ఉన్నాయి? డాక్టర్లు గీకిన మందుల చీటీలు ముప్పై ఏళ్ళు చదివావు. దేవుడి చేతిరాత అంతకంటే నయం. మళ్ళీ మొదటినుంచి చదువు.”

బెర్ట్రాండ్ గొంతు సవరించుకుని మళ్ళీ మొదటినుంచి చదవడం మొదలుపెడతాడు.